కొల్లేటి చెరువు చేపకు మేత: ఎంపిక, మోతాదు, వేళ

చెరువులో పెంచే చేపకు ఏ మేత వేయాలో ముందుగా దాని నోరే చెబుతుంది. బొచ్చె నోరు వెడల్పుగా ఉంటుంది, కింది దవడ పైకి తిరిగి ఉంటుంది. అందుకే అది నీటి పైపొరలో తిరుగుతూ, కంటికి ఆనని జంతు ప్లవకాలను మొప్పల జల్లెడతో వడకట్టి తింటుంది. శీలావతి నోరు కాస్త కిందికి వంగి, పెదవుల అంచున కుచ్చుల్లాంటి మడతలతో ఉంటుంది. ఇది నడిమి నీటిలో తిరుగుతూ నాచును, కర్రలకూ రాళ్లకూ పట్టిన జీవపు పొరను గీకి తింటుంది. ఎర్రమోసు అడుగు చేప. బురదలో కుళ్లుతున్న ఆకును, అలమును, అందులో పెరిగే సూక్ష్మజీవులను వెతుక్కుంటుంది. ఒకే చెరువులో మూడూ మూడు అంతస్తుల్లో బతుకుతాయి కాబట్టి ఒకదాని తిండికి మరొకటి పెద్దగా అడ్డు రాదు. కలిపి పెంచే పద్ధతికి పునాది ఇదే. కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, కలిదిండి, మండవల్లి, ముదినేపల్లి, ఆకివీడు, ఉండి ప్రాంతాల చెరువుల్లో ఇప్పుడు ఎక్కువ భాగం శీలావతే. దాని తరువాతి స్థానం బొచ్చెది. కోల్‌కతాకూ ఈశాన్య రాష్ట్రాలకూ మంచుపెట్టెల్లో లారీలెక్కే సరుకులో ఈ రెండే ముఖ్యం. మేత లెక్క కూడా ప్రధానంగా శీలావతిని దృష్టిలో పెట్టుకొనే సాగుతుంది.

నోటి తరువాత చూడవలసింది కడుపు. నిజానికి ఈ జాతి చేపలకు ఆమ్లం ఊరే జీర్ణాశయం లేదు. దవడలకు పళ్లు కూడా లేవు. గొంతులో ఉన్న పళ్లతో తిండిని నలిపి నేరుగా పేగులోకి పంపుతాయి. మొక్కల తిండికి అలవాటు పడిన శీలావతి పేగు శరీరం పొడవుకు అనేక రెట్లు ఉండి, చుట్టలు చుట్టుకొని ఉంటుంది. ఈ నిర్మాణం నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, పిండి పదార్థాన్నీ మొక్కల మాంసకృత్తులనూ ఈ చేపలు బాగానే అరిగించుకుంటాయి, కాబట్టి తవుడు, చెక్క వీటికి పనికొస్తాయి. రెండోది, నిలవ ఉంచుకొనే సంచి వంటి కడుపు లేదు కాబట్టి ఒక్కసారి బోలెడంత తిని రోజంతా ఊరుకోవడం వీటికి కుదరదు. కొంచెం కొంచెంగా, ఎక్కువసేపు తినాలి.

కొన్న మేత కంటే ముందు చెరువు వండిపెట్టే మేత ఒకటుంది. సున్నం వేసి నీటి గుణం సరిచేసి, పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేటు, కొద్దిగా యూరియా తగిన పాళ్లలో వేస్తే నీటిలో నాచు మొలుస్తుంది. నాచును తిని జంతు ప్లవకాలు పెరుగుతాయి. బొచ్చెకు ఇదే అసలు భోజనం. శీలావతికి కూడా తవుడులో దొరకని విటమిన్లు, అవసరమైన ఆమినో ఆమ్లాలు ఇక్కడే దొరుకుతాయి. నీరు లేత పచ్చగానో, పచ్చ గోధుమ రంగులోనో ఉండి, నీటిలోకి దించిన తెల్లపళ్లెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు కనబడుతుంటే సహజాహారం సరిపడా ఉన్నట్టు. పళ్లెం లేని చోట చేతిని నీటిలో ముంచి చూస్తారు. మోచేతి దాకా మునిగినప్పుడు అరచెయ్యి మసకగా కనిపిస్తే చాలు. అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తే ఎరువు తక్కువైంది. మణికట్టు దాటకముందే కనుమరుగైతే నాచు ముదిరింది, ఎరువు ఆపాలి. సహజాహారం బాగున్న చెరువులో కొన్న మేతకు మాంసకృత్తులు కాస్త తక్కువైనా చేప పెరుగుతుంది. అది లేని చెరువులో ఎంత ఖరీదైన మేత వేసినా డబ్బు సగం నీటిపాలే.

ఈ ప్రాంతపు చేపకు తవుడు ప్రధాన మేత కావడానికి కారణం కృష్ణా, గోదావరి డెల్టాల వరి. క్వింటాలు ధాన్యం ఆడిస్తే అయిదు నుంచి ఎనిమిది కిలోల తవుడు దిగుతుంది. తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు చుట్టూ ఉన్న రైసుమిల్లుల నుంచి చెరువు గట్టుకు దూరం తక్కువ, రవాణా ఖర్చూ తక్కువ. అయితే తవుడు రెండు రకాలు. మిల్లు నుంచి వచ్చిన పచ్చి తవుడులో మాంసకృత్తులు 12 నుంచి 14 శాతం, నూనె సుమారు 15 శాతం ఉంటాయి. చేపకు బలం ఎక్కువ, కానీ నిలవ ఉండదు. బియ్యం నుంచి తవుడు పొర విడిపోయిన క్షణం నుంచే అందులోని ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లో తవుడుకు పాత నూనె వాసన, నాలుక మీద చేదు వచ్చేస్తాయి.

రెండోది నూనె తీసిన తవుడు. రైతులు దీన్ని డీఓబీ అంటారు. సాల్వెంటు ప్లాంటులో నూనె తీసేశాక మిగిలిన ఈ తవుడులో నూనె ఒక శాతం అటూ ఇటూ, మాంసకృత్తులు 15 నుంచి 17 శాతం. నూనె లేదు కాబట్టి నెలల తరబడి నిలవ ఉంటుంది. ధర కూడా అందుబాటులో ఉంటుంది. కొల్లేటి చేప మేతలో పెద్ద భాగం ఇదే. అయితే దీనితో చేపకు శక్తి తక్కువ అందుతుంది, పీచు ఎక్కువ చేరుతుంది. పైగా తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేటు రూపంలో కట్టుబడి ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైము చేప పేగులో లేదు. అందుకే డీఓబీ ఒక్కటే మేపిన చెరువులో చేప పొడవు పెరిగినా ఒళ్లు పట్టదు. కొంత పచ్చి తవుడు, కొంత చెక్క, కాస్త ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలిపితేనే ఆ లోటు తీరుతుంది.

చెక్క కలపడం మాంసకృత్తుల కోసం. చిన్న పిల్లలకు మేతలో 35 నుంచి 40 శాతం, వేలెడు పిల్లలకు 30 నుంచి 35 శాతం, పెద్ద చెరువులో పెరిగే చేపకు 25 నుంచి 30 శాతం మాంసకృత్తులు కావాలని శాస్త్రం చెబుతుంది. సహజాహారం బాగున్న పెద్ద చెరువులో 20 శాతం పైచిలుకు ఉన్నా పని నడుస్తుంది. లెక్క తేలికే. డీఓబీలో 16 శాతం, వేరుశనగ చెక్కలో 42 శాతం ఉన్నాయనుకుంటే, 90 కిలోల డీఓబీకి 10 కిలోల చెక్క కలిపిన మేతలో 18.6 శాతం వస్తుంది. 80కి 20 కలిపితే 21.2 శాతం. 70కి 30 కలిపితే 23.8 శాతం. చెక్క పాలు పెంచే ప్రతి మెట్టులోనూ ఖర్చు పెరుగుతుంది కాబట్టి, చేప వయసు, నీటి రంగు, బజారు ధర మూడూ చూసి ఆ పాలు నిర్ణయించుకోవాలి. సోయా పిండిలో మాంసకృత్తులు 44 నుంచి 48 శాతం ఉంటాయి. కానీ వేడి తగలని సోయాలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేడి చేసి తీసిన పిండి మాత్రమే వాడాలి. పత్తి చెక్క చవక. అందులో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది కనుక కొద్ది పాలు మించి వేయకూడదు.

చెక్క కొనేటప్పుడు ధర కంటే ముందు తేమ చూడాలి. తడి తగిలిన వేరుశనగ చెక్కలో ఆస్పర్జిల్లస్ జాతి బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది. ఈ విషం ప్రపంచానికి తెలిసిందే మేత ద్వారా. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మేపిన టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయాయి. దాదాపు అదే కాలంలో అమెరికా హేచరీల్లోని ట్రౌట్ చేపల కాలేయాలకు పుండ్లు, గడ్డలు వచ్చాయి. కారణం బూజు పట్టిన పత్తి గింజల పిండి అని తరువాత తేలింది. చెడిన నూనె సంగతీ అంతే. జపాన్‌లో పట్టుపురుగుల ప్యూపాలు మేపిన కార్ప్ చేపలకు వీపు కండ కృశించి, వీపు కత్తి అంచులా సన్నబడే జబ్బు వచ్చింది. ప్యూపాల్లోని నూనె చెడిపోవడమే అందుకు మూలం, విటమిన్ ఇ కలిపితే తగ్గింది. అందువల్ల చెక్కలో నల్లటి, పచ్చటి మచ్చలు కనిపించినా, ముక్కిపోయిన వాసన వచ్చినా, బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఆ సరుకును పక్కన పెట్టాలి. మేత కొట్టులో బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. వానాకాలంలో పది పదిహేను రోజులకు సరిపడా సరుకే తెచ్చుకోవడం మేలు.

వయసును బట్టి మేత రూపం మారుతుంది. గుడ్డు పొదిగి బయటకు వచ్చిన పిల్లకు మొదటి మూడు రోజులు తిత్తిలోని సొన సరిపోతుంది. తరువాత నోరు తెరుచుకున్నాక దానికి పట్టేది రోటిఫర్ల వంటి సూక్ష్మ ప్లవకాలే. నర్సరీ చెరువును ముందే ఎరువు వేసి సిద్ధం చేయడం అందుకే. ఆపై తవుడు, వేరుశనగ చెక్క సమానంగా కలిపి, గుడ్డలో జల్లించిన పొడిని నీటి మీద చల్లుతారు. పొడి ముతకగా ఉంటే పిల్ల తినలేదు, అది అడుగున కుళ్లుతుంది. వేలెడు పిల్లకు పొడి చాలు, ముద్దగా చేసి పళ్లెంలో పెట్టినా సరే. కొల్లేటి ప్రాంతంలో మరో అలవాటుంది. పిల్లను ఏడాది పాటు కిక్కిరిసిన చెరువులో, అరకొర మేతతో ఎదుగుదల ఆపి ఉంచి, 100 నుంచి 200 గ్రాముల బరువులో పెద్ద చెరువులోకి వదులుతారు. అలా ఆగిన చేపకు చోటు, మేత దొరికిన మొదటి నెలల్లో వేగంగా బరువు పెరిగే గుణం ఉంది. ఆ నెలల్లో చెక్క పాలు తగ్గిస్తే ఆ ఎదుగుదల అవకాశం పోతుంది.

మేత వేసే తీరులో ఈ ప్రాంతపు రైతులు తమంతట తాము రూపొందించుకున్న పద్ధతి సంచి మేత. ఖాళీ ఎరువు సంచి అడుగు భాగంలో వరసలుగా చిల్లులు పెట్టి, తవుడు, చెక్క మిశ్రమం నింపి, చెరువులో వరసగా పాతిన వెదురు గెడలకు కడతారు. సంచి అడుగు నీటిలో మునిగి ఉంటుంది. పడవ మీద తిరిగే కూలీ ఉదయం ఒక్కో గెడకు సంచి కట్టుకుంటూ పోతాడు. చేప వచ్చి చిల్లుల దగ్గర పెదవులతో చీకుతూ మేతను కొద్దికొద్దిగా లాక్కుంటుంది. జీర్ణాశయం లేని చేపకు ఇది సరిగ్గా సరిపోయే పద్ధతి. నీటిలో చల్లితే కరిగి పోయే పొడి, సంచిలో ఉంటే చేప నోటికే చేరుతుంది. పైగా తిన్నదీ తిననిదీ కంటికి కనబడుతుంది. రెండు మూడు గంటల్లో సంచులు ఖాళీ అయితే ఆకలి బాగుంది. మధ్యాహ్నానికి కూడా మేత మిగిలి ఉంటే మోతాదు ఎక్కువైందని, లేదా నీటిలోనో చేప ఒంట్లోనో తేడా ఉందని అర్థం. విప్పిన సంచులను కడిగి ఎండలో ఆరేయాలి. కడగని సంచిలో అడుగంటిన ముద్ద మర్నాటికి పులిసి, కొత్త మేతను కూడా పాడు చేస్తుంది.

మోతాదు చేప బరువును బట్టి ఉంటుంది. అందుకు నెలకొకసారి విసురు వలతో కొన్ని చేపలను పట్టి, సగటు బరువు తీసి, ఉన్న చేపల సంఖ్యతో గుణించాలి. చిన్న పిల్లకు మొత్తం బరువులో రోజుకు 5 నుంచి 10 శాతం, పెరిగే చేపకు 3 శాతం వరకు, కిలో దాటిన చేపకు 1 నుంచి 2 శాతం మేత సరిపోతుంది. ఎకరం చెరువులో 2,000 చేపలు, సగటున అరకిలో చొప్పున ఉంటే మొత్తం 1,000 కిలోలు. 3 శాతం లెక్కన రోజుకు 30 కిలోల మేత. చేప పెరిగేకొద్దీ మేత బస్తాల సంఖ్య పెరుగుతుంది కాని, శాతం మాత్రం తగ్గుతూ పోవాలి. చనిపోయిన చేపలను లెక్కలోంచి తీసివేయకపోతే లేని చేపలకు కూడా మేత పడుతుంది.

వేళ, వాతావరణం కూడా మోతాదును మారుస్తాయి. చేప చలినెత్తురు జీవి. నీటి వేడి 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే బాగా తింటుంది, బాగా అరిగించుకుంటుంది. పుష్య మాసపు చలిలో నీరు చల్లబడితే తిండి తగ్గుతుంది, అప్పుడు సగం మేత చాలు. మే నెల ఎండల్లో నీరు లోతు తగ్గి కాగినప్పుడు కూడా ఉదయం పూటకే పరిమితం చేయాలి. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువునే పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున నీటిలో అది అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళకు మేత వేస్తే, అరుగుదలకు ఇంకా ప్రాణవాయువు కావలసి వచ్చి చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పొద్దెక్కి, నాచు మళ్లీ ప్రాణవాయువును విడవడం మొదలుపెట్టాకే సంచి కట్టాలి. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, వాయుగుండం కబురు వచ్చినా, చేపలు తలలు పైకెత్తి గుటకలు వేస్తున్నా ఆ రోజుకు మేత మానాలి. చేప ఒకరోజు పస్తుంటే ఏమీ కాదు. తినని మేత నీటిలో కుళ్లి, అమ్మోనియా పుట్టి, నిండు చెరువులోని చేపంతా ఒక్క తెల్లవారుజామున చచ్చి తేలిపోవచ్చు. పట్టుబడికి ముందు రోజు కూడా మేత ఆపుతారు. పేగు ఖాళీగా ఉన్న చేప మంచులో ఎక్కువ కాలం తాజాగా ఉంటుంది.

తేలే గుళికల మేత ఇప్పుడు ఈ చెరువుల్లోకి వచ్చింది. వేడి, ఒత్తిడి మీద పిండిని ఉబ్బించి చేసే ఈ గుళికలు నీటి మీద తేలుతాయి, చేప తినడం గట్టు మీద నుంచే కనబడుతుంది. వాటిలో మాంసకృత్తులు, ఖనిజాలు, విటమిన్లు ముందే పాళ్లు కట్టి ఉంటాయి. ఖర్చు తేల్చుకోవడానికి ఒకే లెక్క: కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పడింది? ఆ అంకెను కిలో మేత ధరతో గుణిస్తే కిలో చేప మీద పడిన మేత ఖర్చు వస్తుంది. తవుడు, చెక్క మిశ్రమం మూడు కిలోలు పట్టే చోట గుళికలు కిలోన్నర పడితే, గుళికల ధర మిశ్రమానికి రెండింతలు ఉన్నా రెండూ సమానమే. రెండింతలు దాటితే నష్టం, తగ్గితే లాభం. మేత బస్తాలు, పట్టిన బరువు రాసిపెట్టిన పుస్తకం లేకుండా ఈ లెక్క తేలదు. మేత నాణ్యత విషయంలో రైతుకు చట్టం అండ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం 2020లో వచ్చింది, మేత తయారీ, అమ్మకం దాని పరిధిలోకి వస్తాయి.

అన్ని చేపలకూ ఈ తవుడు లెక్క వర్తించదు. కొర్రమీను నోరు పెద్దది, పళ్లు పదునైనవి, కడుపు నిజమైన సంచి, పేగు పొట్టి. కప్ప పిల్లలు, చిరుచేపలు, పురుగులు దాని తిండి. తవుడు దానికి ఆకలి తీర్చదు. పిల్ల వయసు నుంచే అలవాటు చేస్తే 40 శాతానికి పైగా మాంసకృత్తులున్న తేలే గుళికలు తింటుంది. తిండి చాలకపోతే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, అందుకే సైజు వారీగా వేరు చేస్తూ ఉండాలి. కొర్రమీనుకు మాంసకృత్తులు ముఖ్యం, పీచు అనవసరం. శీలావతికి అన్ని మాంసకృత్తులు అక్కర్లేదు.

మేతగా వేయకూడనివి కూడా తెలియాలి. కోడి పేగులు, కబేళా వ్యర్థాలు చవకగా దొరికే మాంసకృత్తుల్లా కనిపిస్తాయి. వాటితో చెరువులోకి సూక్ష్మజీవులు, కోళ్లకు వాడిన మందుల అవశేషాలు చేరతాయి, నీరు నల్లబడి ప్రాణవాయువు పడిపోతుంది. ఆ వ్యర్థాలతో మేపే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్నే భారతదేశంలో నిషేధించారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి యాంటీబయాటిక్ మందులు చేపల పెంపకంలో నిషిద్ధం, వాటిని మేతలో కలపకూడదు. చేప తినడం మానేసినప్పుడు మందు కలిపిన మేతతో ఆకలి పుట్టించాలని చూడడం కంటే, నీటి పరీక్ష చేయించడం చవక.

ఈ జాగ్రత్తలు చెరువు గట్టు లోపలికే పరిమితం కావు. తమ్మిలేరు, బుడమేరు వంటి వాగుల నీళ్లు కొల్లేరులోకి వస్తాయి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. చుట్టుపక్కల చెరువులను ఎండగట్టినప్పుడు వదిలే నీరు కూడా ఈ దారినే పోతుంది. తినకుండా మిగిలిన తవుడు, అరగని భాస్వరం, కుళ్లిన మాంసకృత్తులు ఆ నీటితో సరస్సు చేరి గుర్రపుడెక్కను బలిపిస్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, 2002లో రాంసర్ జాబితాకెక్కిన ఈ సరస్సులో గూడకొంగలకు, వలస పక్షులకు తిండి అదే నీటిలో ఉంది. చేప అరిగించుకోగల మేతను, దాని కడుపుకు సరిపడా, అది తినగల వేళ వేస్తే సంచిలో ఏమీ మిగలదు, చెరువు అడుగున కూడా పేరుకోదు. మిగులు ఎంత తగ్గితే రైతు ఖర్చు, ఉప్పుటేరు దారిలో కొట్టుకుపోయే మలినం అంత తగ్గుతాయి.